మూడు నట్ల మీద తెల్లగీత

వంతెనను ఊడ్చుకుపోయిన పెద్ద వరద వచ్చిన మూడో ఏడు అది. ఆ ఊళ్లో ఏ సంగతి చెప్పినా వరదకు ముందని, వరద తరువాతని చెబుతారు. డిటెక్టివ్ వాళ్ల అక్క మాత్రం ఆ ఊసే ఎత్తదు. పెళ్లయిన పదహారేళ్లకు పుట్టిన పిల్ల, ఆరేళ్లది, ఆ నీళ్లలోనే ఆమె చేతుల్లోంచి జారిపోయింది. మూడో రోజు పిల్ల దొరికినప్పుడు కాలికి ఒక్క చెప్పే ఉంది. ఊదారంగు రబ్బరు చెప్పు, ఎడమకాలిది. ముందుగది గోడలో ఉన్న చిన్న గూట్లో పెట్టారు దాన్ని. అప్పటినుంచి డిటెక్టివ్ ఆ గదిలోకి వస్తే గూటికి వీపు పెట్టి కూర్చుంటాడు. ఊరందరి ఇళ్లలో మూలమూలా వెతికే మనిషి, ఆ ఒక్క మూల వైపు కన్నెత్తి చూడడు.

ఆ బుధవారం పొద్దున తొమ్మిదింటికీ అలాగే కూర్చున్నాడు.

"బావని ఎన్నింటికి తీసుకెళ్లారు?"

"ఆరింటికి. మొహం కూడా కడుక్కోనివ్వలేదు." అక్క గుమ్మంలోనే నిలబడింది. "వాళ్లు అడక్కముందే తప్పు నాదేనన్నాడు. రెండు చేతులూ చాపాడు."

"నిన్నటి సంగతి వరసగా చెప్పు."

వరసగానే చెప్పింది. బావ పాత కార్ల మేస్త్రీ. ఇంటి వెనకే షెడ్డు. కలప డిపో యజమాని రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు మూడు నెలలుగా ఆ షెడ్డులోనే ఉంది. ఆయనకు కారు ఇంకా పరుగెత్తాలి, ఇంకా గట్టిగా గర్జించాలి. బావ పొగ బయటికి పోయే పాత పోత ఇనుప గొట్టం తీసేసి, ఒక్కొక్క సిలిండరుకూ ఒక్కొక్క గొట్టం చొప్పున నాలుగు గొట్టాలు వంచి, వెడల్పాటి సైలెన్సర్ కట్టాడు. గాలి పీల్చే వైపు పాత రేకుడబ్బా పీకేసి, డిపో యజమాని ఎప్పుడో తెప్పించి దాచుకున్న రెండు పెద్ద కార్బురేటర్లు బిగించాడు. చల్లగాలి కోసం ముందు జాలీ దగ్గర్నుంచి గొట్టం లాక్కొచ్చాడు. ఇంజను ఊపిరి పీల్చే దారీ వదిలే దారీ రెండూ వెడల్పు చేశాడన్నమాట. సీట్లు విప్పి కొత్త తోలు కుట్టింది అక్క. ఆమె పని అదే.

"నిన్న నాలుగింటికి ఆయన కారు తీసుకెళ్లాడు. వాన. గుడ్డ టాపు వేసుకుని, అద్దాలు ఎత్తుకుని వెళ్లాడు. ఆరుంపావుకి కొండదారిలో పక్కకి ఆపి ఉన్న కారుని లారీ డ్రైవరు చూశాడట. ఇంజను తిరుగుతూనే ఉంది. మనిషిలో ప్రాణం లేదు."

"పొగ గొట్టం అతుకు వదులై గ్యాసు లోపలికి పట్టింది. అంతేనా?"

"డాక్టరు అదే అన్నాడట."

"బావ అతుకులు రెండుసార్లు బిగిస్తాడు కదా. ఒకసారి చల్లగా ఉన్నప్పుడు, ఇంజను కాచి రాత్రంతా ఆరబెట్టాక ఇంకోసారి."

"బిగిస్తాడు."

"నిన్న రెండోసారి ఎప్పుడు బిగించాడు?"

అక్క పైట చెంగు వేలికి చుట్టుకుంది. "నేను చూళ్లేదు. పదకొండింటికి గొట్టాల క్లిప్పులు కొనడానికి బస్సెక్కాడు. రెండింటికి వచ్చాడు."

"ఆ మధ్యలో షెడ్డులోకి ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు. నేనే ఉన్నాను. గేటుకి లోపల గడియ పెట్టుకుని సీట్లు బిగించాను."

డిటెక్టివ్ ఒకటికి రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ అదే మాట. అబద్ధం చెప్పేవాళ్లు రెండోసారి కొంచెం కలుపుతారు. అక్క ఏమీ కలపలేదు.

"మీ బావని బయటికి తీసుకురా తమ్ముడూ," అంది అతను లేచాక. "నిజం ఏదైనా సరే. నీకు తోచినట్టే చెయ్యి. నువ్వు నెమ్మదిగా చూస్తావు, కానీ చూస్తావు."

* * *

స్టేషన్లో ఇన్‌స్పెక్టరు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. ఒకప్పుడు డిటెక్టివ్ కిందే పని నేర్చుకున్నాడు. ఉద్యోగం పోయి డిటెక్టివ్ బయటికి నడిచిన రోజున ఆ కుర్చీలోకి వచ్చాడు. "నత్త" అని పేరు పెట్టింది కూడా ఇతనే.

"రండి నత్తగారూ. తొమ్మిదింటికి బయల్దేరితే పన్నెండుకి చేరారు. పర్లేదు, పుంజుకున్నారు."

"క్లిప్పులు అమ్మిన కొట్టుకి వెళ్లొచ్చాను. పదకొండూ నలభైకి మా బావ అక్కడ ఉన్నాడు. ఒంటిగంటకి బయటికొచ్చాడు."

"ఉంటే ఉన్నాడు. మీ బావ రాసిచ్చాడు, రెండో బిగింపు మర్చిపోయానని. అజాగ్రత్త. రెండేళ్లు పడుతుంది, బుద్ధిగా ఉంటే ఏడాదిన్నరకి వచ్చేస్తాడు." ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించాడు. "చూడండి, నాకూ మీ అక్క అంటే గౌరవమే. నేను ఈ ఫైలు ఇక్కడితో కట్టేస్తాను. మీరు తవ్వకండి."

ఆ మాటలో దయ ఉంది. డిటెక్టివ్‌కు దయ వినపడలేదు, 'నత్త' ఒక్కటే వినపడింది.

బావ లాకప్పులో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గోళ్ల సందుల్లో ఇంకా గ్రీజు. బావమరిదిని చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఎందుకొచ్చావు?"

"అక్క రమ్మంది."

బావ గభాలున తల తిప్పాడు. "ఏం చెప్పింది?"

"నిన్ను తీసుకురమ్మంది. రెండో బిగింపు మర్చిపోయావంటున్నావు. పెళ్లిరోజు మర్చిపోయావంటే నమ్ముతాను. నట్టు మర్చిపోయావంటే ఎలా నమ్మను?"

"ముసలాడినవుతున్నాను. మర్చిపోయాను."

"తెల్లరంగు వేశావా?"

ఇది బావ పద్ధతి. రెండో బిగింపు అయ్యాక సన్నటి కుంచెతో నట్టు మీదినుంచి బోల్టు మీదికి ఒకే గీత లాగుతాడు, తెల్లరంగుతో. గీత ఉంటే పని అయినట్టు. గీత లేని బండిని గేటు దాటనివ్వడు.

"వెయ్యలేదు," అన్నాడు బావ. మరీ తొందరగా అన్నాడు.

"బండి స్టార్ట్ చేసినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావా?"

"ఉన్నాను. కిందెక్కడో హుస్సుమంది. ఆ గర్జనలో సరిగా తెలీలేదు. ఆగండి చూస్తానన్నాను. ఆయన ఆగలేదు. ఆయన ఎప్పుడూ..." బావ లేచాడు. ఊచల దాకా వచ్చి, అతని చొక్కా అంచు పట్టుకున్నాడు. "ఒరేయ్, నిన్ను నేను ఎప్పుడూ ఏదీ అడగలేదు. ఈ ఒక్క కేసూ వదిలెయ్. రెండేళ్లు ఎంత, ఇట్టే పోతాయి. ఇంటికి పో."

నిర్దోషి ఎవడైనా వదిలెయ్యమంటాడా అని డిటెక్టివ్ ఆలోచించాల్సింది. బెంగతో బుద్ధి చెదిరిందనుకున్నాడు. పిల్ల పోయినప్పటినుంచి బావకు బతుకు మీద ఆశ లేదు, జైలయినా ఒకటే షెడ్డయినా ఒకటే అనుకున్నాడు. అనుకుని, పెరట్లోకి వెళ్లాడు.

* * *

కారు స్టేషను పెరట్లో రేకుల కింద ఉంది. ముదురాకుపచ్చ రంగు, పొట్టి అద్దం, నేలకు జానెడెత్తు. డిటెక్టివ్ పాత గోనె పరుచుకుని వెల్లకిలా పడుకుని కిందికి దూరాడు. ఒక చేతిలో టార్చి, ఒక చేతిలో చిన్న అద్దం. ఇన్‌స్పెక్టరు, ఇద్దరు కానిస్టేబుళ్లు చుట్టూ నిలబడ్డారు.

"నత్త గుల్లలోకి దూరింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. కానిస్టేబుళ్లు నవ్వారు.

నాలుగు గొట్టాలు ఒక్కటై వెనక్కి పోయే చోట, డ్రైవరు పక్క సీటుకు సరిగ్గా కింద, పెద్ద అతుకు ఉంది. మూడు బోల్టులు, మూడు నట్లు. అతుకు చుట్టూ మసి కొత్తగా చిమ్మి ఉంది. డిటెక్టివ్ ఒక్కో నట్టునూ గుడ్డతో తుడిచాడు. తెల్లరంగు కనపడింది.

గుండె గబగబా కొట్టుకుంది. గెలిచాననుకున్నప్పుడు కొట్టుకునే రకం.

"ఇన్‌స్పెక్టరు గారూ, కాస్త వంగండి. ప్యాంటు నలిగితే ఇస్త్రీ నేను చేయిస్తాను."

ఇన్‌స్పెక్టరు పళ్లు బిగించి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"గీత చూడండి. బోల్టు మీద సగం గీత ఇటు ఉంది. నట్టు మీద సగం గీత అటు తిరిగి ఉంది. అంటే బిగించాడు, గీత గీశాడు. ఆ తరువాత ఎవరో విప్పారు."

"అదురుకి వదులైపోయి ఉంటుంది."

"కొండదారి దాకా నలభై నిమిషాల ప్రయాణానికా? పోనీ, అదురే అనుకుందాం. ఈ నట్టు ఎంత తిరిగింది? ఒకటిన్నర చుట్టు. ఇది? ఒకటిన్నర. ఇది? ఒకటిన్నర. అదురుకి లెక్కలు రావు, ఇన్‌స్పెక్టరు గారూ. పానా పట్టిన చేతికొస్తాయి."

కానిస్టేబుళ్లు ఈసారి నవ్వలేదు. ఇన్‌స్పెక్టరు చాలాసేపు చూశాడు. లేచి, మోకాళ్లు దులుపుకుని, ఫోటోలు తీయమన్నాడు. మూడు నట్లకూ మూడు ఫోటోలు తీశారు.

"ఒప్పుకుంటున్నాను," అన్నాడు. "మీరు చెప్పింది నిజమే. ఇది అజాగ్రత్త కాదు. హత్య."

"నేను చెప్పేదీ అదే. మా బావ నిర్దోషి."

"అదెప్పుడన్నాను?" ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా సిగరెట్టు వెలిగించాడు. "రెండింటికి వచ్చాడు. నాలుగింటికి కారు ఇచ్చాడు. మధ్యలో రెండు గంటలు. పానా తనది, కారు కిందికి దిగే గుంత తనది, చెయ్యి తనది. బిగించి గీత గీసినవాడు మర్చిపోయానని ఎందుకు రాసిచ్చాడు? చిన్న తప్పు ఒప్పుకుంటే పెద్దది దాగుతుందని. నేను మోసపోయాను కూడా. మీరే కాపాడారు, నత్తగారూ. రేపు పదింటికి పెద్ద సెక్షను కింద పంపుతాను. బతికున్నన్నాళ్లూ లోపలే."

డిటెక్టివ్ టార్చి ఆర్పాడు. తన చేత్తో తనే తవ్వాడు. ఇంతలోతు వస్తుందనుకోలేదు.

"ఎందుకు చంపుతాడు? డిపో యజమానితో మా బావకి తగువేం ఉంది?"

"అది మీరే కనుక్కోండి. తవ్వడం మీకు అలవాటే కదా."

అతుకు కింద ఉంది, మనిషి పైన ఉన్నాడు. గ్యాసుకు దారి కావాలి. దారి ఎవరు చేశారో తెలిస్తే బావ బయటపడతాడు. డిటెక్టివ్ తలుపు తీసి పక్క సీటు వెనక్కి జరిపి కార్పెట్ ఎత్తాడు. నేలరేకులో బొటనవేలు పట్టే కన్నం ఉంది. నీళ్లు పోవడానికి కంపెనీ పెట్టినదే. దానికి రబ్బరు బిరడా ఉండాలి. లేదు. రేకంతా పాత దుమ్ము పేరుకుని ఉంది, బిరడా కూర్చున్న వలయం మాత్రం శుభ్రంగా ఉంది. ఈ మధ్యే పీకారు.

కార్పెట్ దించాడు. సరిగ్గా ఆ కన్నం మీద కార్పెట్‌కు అంగుళం చీలిక. సీటు కింద కనక కూర్చున్నవాడికి కనపడదు.

"ఏంటది?" ఇన్‌స్పెక్టరు తల లోపలికి పెట్టాడు. "ఓ, అదా. వైరు కోసం కంపెనీవాడు పెట్టి ఉంటాడు. అంచు కూడా కుట్టి ఉంది."

అంచు కుట్టి ఉంది. ముదురాకుపచ్చ దారం. చొక్కా బొత్తానికి కుట్టినట్టు కాజా కుట్టు. కుట్టు పక్కన కుట్టు, బియ్యపు గింజ దూరనంత దగ్గరగా. చివర దారం వెనక్కి మడిచి, కనపడకుండా ముడి.

డిటెక్టివ్ వేలు ఆ ముడి మీద ఆగింది. తరువాత అతను తన చొక్కా ముంజేతి కాజా వైపు చూసుకున్నాడు. పోయిన నెల అక్క కుట్టిచ్చిన చొక్కా. అదే మడత, అదే ముడి.

కోసిన అంచు అలా వదిలెయ్యడం ఆమెకు చేతకాదు. చిన్నప్పుడు అతని పలక సంచీ చిరిగితే కూడా అలాగే కుట్టింది. పోగులు లేస్తే కుట్టినవాళ్లకు చెడ్డపేరు అనేది. మనిషిని చంపడానికి కోసిన చీలికకూ అంచు కుట్టింది.

"కంపెనీవాడేనా?" అని ఇన్‌స్పెక్టరు మళ్లీ అడిగాడు.

"అయ్యుంటుంది," అన్నాడు డిటెక్టివ్. సీటు ముందుకి జరిపి తలుపు వేశాడు. తలుపు పడలేదు. రెండోసారి వేశాడు.

* * *

వెలుతురు ఉండగానే అక్క ఇంటికి చేరాడు. ముందుగదిలోకి వచ్చి, ఎప్పటిలా కూర్చోలేదు. గూటి వైపు తిరిగాడు.

రెండు చెప్పులున్నాయి.

ఎడమది వెలిసిపోయి ఉంది. కుడిది ఎండ సోకని రంగులో, కొత్తదానిలా, మడమ దగ్గర చిన్న నూనె మరకతో ఉంది. రెండూ పక్కపక్కన, బడికి బయల్దేరబోతున్నట్టు.

"పొద్దున కూడా ఉన్నాయి," అంది అక్క వెనకనుంచి. "నువ్వు చూళ్లేదు."

"ఎక్కడ దొరికింది?"

"పక్క సీటు పట్టాల సందులో. కార్పెట్ మడత కింద. మంగళవారం పదకొండున్నరకి." అక్క కింద కూర్చుంది. "వరదొచ్చిన రాత్రి ఆ వానలో రోడ్డు మీద ఒక్క కారు ఆగింది తమ్ముడూ. చీకట్లో రంగు తెలీలేదు. పిల్లకి జ్వరం. పిల్లనొక్కదాన్నీ ఎక్కించుకోమన్నాను, నన్ను వద్దు అన్నాను. పక్క సీటు మీద అట్టపెట్టెలున్నాయి. ఇవి తడిస్తే మళ్లీ దొరకవమ్మా అన్నాడు. పిల్ల కాలు లోపల పెట్టాను. ఆయన చేత్తో నెట్టి తలుపేసుకున్నాడు. చెప్పు లోపల పడిపోయింది."

"ఆ పెట్టెల్లో..."

"కార్బురేటర్లు. మూడు నెలలుగా మీ బావ రోజూ పెట్రోలుతో కడిగి, తుడిచి, చంటిపిల్లలా చూసుకున్నాడు చూడు, అవే."

 గోడ గడియారం ఆరు కొట్టింది.

"కొండదారిలో కళ్లు తిరిగి లోయలో పడతాడనుకున్నాను. కారు మిగలదనుకున్నాను. తలనొప్పొచ్చి పక్కకి ఆపుకుంటాడని తోచలేదు." ఆమె గొంతులో ఏడుపు లేదు. "చావు కబురు ఏడింటికొచ్చింది. మీ బావ గూడు చూశాడు. నన్నేమీ అడగలేదు. నేను చెప్పకూడదని పిల్ల మీద ఒట్టేయించుకున్నాడు. పొద్దున్నే చేతులు చాపి వెళ్లిపోయాడు."

"మరి నన్నెందుకు పిలిచావు?"

"నేను చెప్పనని ఒట్టేశాను. నువ్వు కనిపెడితే ఒట్టు తప్పినట్టు కాదు కదా." అతని మొహంలోకి చూసింది. "ఏమైంది?"

నట్ల సంగతి చెప్పాడు. మోకాళ్ల మీద కూర్చోబెట్టిన సంగతీ దాచకుండా చెప్పాడు. ఊరుకుని ఉంటే బావ ఏడాదిన్నరకి వచ్చేవాడు. ఇప్పుడు ఇద్దరిలో ఒకరు ఇక రారు.

అక్క తిట్టలేదు. తిడితే బాగుండునని అతననుకున్నాడు.

"కాజా చూశారా వాళ్లు?"

"చూశారు. తెలుసుకోలేదు."

"నీకు తెలిసింది."

"తెలిసింది."

"అయితే రేపు తొందరగా లేవాలి," అంది అక్క. లేచి, మడత పెట్టాల్సిన బట్టలు తెచ్చుకుంది.

* * *

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు ఇద్దరూ స్టేషన్లో ఉన్నారు. అక్క చేతిలో రెండు చీరల మూట. డిటెక్టివ్ చేతిలో కాగితంలో చుట్టిన చెప్పులు. ఆమెను చూడగానే బావ ఊచలు పట్టుకున్నాడు. "ఆమెనెందుకు తెచ్చావు? ఒరేయ్, నీకు దణ్ణం పెడతాను, తీసుకుపో. నేనే చేశాను, రాసుకోండి, నేనే."

ఇన్‌స్పెక్టరు కాగితాల మీదినుంచి తలెత్తి ముగ్గురినీ చూశాడు. అక్కను అడిగాడు. ఆమె పెదవి కదపలేదు. నేల చూస్తూ నిలబడింది.

"మీరు చెప్పండి," అన్నాడు డిటెక్టివ్‌తో. ఈసారి నత్త అనలేదు.

డిటెక్టివ్ చెప్పులు బల్ల మీద పెట్టాడు. పెరట్లోకి నడిచాడు. ఇన్‌స్పెక్టరు వెనకే వచ్చాడు, అతని వెనక కానిస్టేబులు, కానిస్టేబులు వెనక అక్క. లోపల్నుంచి బావ పిలుస్తూనే ఉన్నాడు. డిటెక్టివ్ కారు తలుపు తీశాడు. సీటు జరిపాడు. కార్పెట్ ఎత్తి చీలిక వెలుతురులోకి పట్టుకున్నాడు. పక్కనే తన ముంజేతి కాజా పెట్టాడు.

"రెండూ ఒకే చెయ్యి," అన్నాడు. "ఇందులో ఇరవై రెండు కుట్లు."

అక్క దగ్గరికొచ్చి వంగి చూసింది. పని అప్పగించేముందు చివరిసారి చూసుకున్నట్టు చూసింది.

"ఇరవై నాలుగు," అంది. "చివరి రెండూ మడత కిందుంటాయి."